ఇంకొంచెం హృద్యంగా

ఈ మధ్య ఎవరింటికెళ్లినా చాట్‌జీపీటీని బతిమాలుతున్నవాళ్లే. మా బావమరిదైతే, వాళ్ల ఆఫీసు రికార్డు గుమాస్తా రిటైరవుతున్నాడని సన్మాన పత్రం రాయిస్తూ ఓ పూటంతా గడిపేశాడు. మొదట "ఆయన రోజూ వేళకు వచ్చేవారు" అని రాసిందది. ఇంకొంచెం హృద్యంగా అన్నాడు. "తప్పకుండా!" అంటూ "సమయపాలనకు నిలువెత్తు నిదర్శనం" అంది. ఇంకా హృద్యంగా అన్నాడు. "కాలమే ఆయన్ను చూసి గడియారం సరిచేసుకునేది" అంది. మావాడు మురిసిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ "తప్పకుండా!" ఉంది చూశారూ, నా కోపమంతా దాని మీదే. వీటిని తయారుచేసేటప్పుడు రెండు జవాబులు పక్కపక్కన పెట్టి, ఏది బాగుందో మనుషుల చేత చెప్పిస్తారు. ఆ మెప్పును బట్టి దిద్దుతారు. మనకా, ఔనన్నవాడే మంచివాడు. ఇక అది కాదని ఎందుకంటుంది? పైగా అప్పటిదాకా నడిచిన మాటలన్నీ ముందేసుకునే ప్రతి జవాబూ చెబుతుంది. మనం వద్దన్నా ఆ గడియారం అక్కడే ఉంటుంది కాబట్టి వేషం మార్చి మళ్లీ దిగుతుంది. అంతకన్నా కొత్త చాట్ తెరుచుకోవడం మేలు.

"బాగా రాయమనకు, దానికి తెలియనిదేదైనా చెప్పు" అన్నాను. తల గోక్కుని, "ఆయన ఫైళ్ల దారం తెంపడు బావా. ఎంత చిక్కుముడైనా గోటితో విప్పి, ఆ దారం జేబులో వేసుకుంటాడు" అన్నాడు. అదే టైపు చేయించాను. ఈసారి వచ్చినవి నాలుగు వాక్యాలే. సభలో చదువుతుంటే అందరి చూపూ ఆయన జేబు మీదికే పోయిందట.

తిరగరాయడమంటే గురజాడది. కన్యాశుల్కం 1897లో అచ్చయింది. అంతటితో ఊరుకోలేదాయన. 1909లో రెండో కూర్పు వచ్చేసరికి నాటకం ఎంతో పెరిగింది, మధురవాణి దానికి ప్రాణమైంది. "ఇంకొంచెం హృద్యంగా" అంటే పుట్టుకొచ్చే మనిషా ఆవిడ?

నేను కుర్రాడిగా పత్రికలో చేరిన రోజుల్లో, విజయవాడలో, మా డెస్కులో ఒక సీనియర్ సబ్ ఎడిటర్ ఉండేవారు. "భారీగా జనం" అని రాసుకెళ్తే కళ్లద్దాల పైనుంచి చూసి "ఎంతమంది?" అనేవారు. "కన్నీటి వీడ్కోలు" అంటే "ఏడ్చిందెవరు?" అనేవారు. చెప్పలేకపోతే ఎర్రసిరా. ఇలా రాయి అని ఏనాడూ అనలేదు, అడగడమే. సిటీ ఎడిషన్ వదిలాక, అర్ధరాత్రి దాటాక, ఆయనే వెంటబెట్టుకెళ్లి పెసరట్టు ఉప్మా పెట్టించేవారు. ఆ అల్లప్పచ్చడి నాలిక్కి తగిలితే చెవుల్లోంచి పొగలొచ్చేవి. ఇప్పుడు ఏ హోటల్లో చూసినా అల్లప్పచ్చడి పేరుతో బెల్లమే పోస్తున్నారు. ఇదేమిటయ్యా అంటే, "ఘాటుగా ఉంటే కస్టమర్లు ఒప్పుకోవట్లేదండీ" అంటాడు సర్వరు.