ఉరుముల పెట్టె

పెళ్ళిచూపులప్పుడు కూడా మావారు ఇన్ని ప్రశ్నలు వేసి ఉండరు, సబ్‌వూఫర్ కొనడానికి వేశారు! ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు, పెట్టెకి రంధ్రం ఉందా, మూసేసి ఉందా... షాపు కుర్రాడు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, చివరికి ఓ యుద్ధం సీను పెట్టాడు. ఫిరంగి పేలింది. నేను తాగిన కాఫీ కడుపులో కదిలింది. "చూశారా మేడమ్, అదీ ఎఫెక్టంటే!" అన్నాడు గర్వంగా.

చూడకేం, చూశాను. కాని ఆ ఫిరంగుల మధ్య ఇద్దరు మనుషులు ఏదో మాట్లాడుకున్నారు. వాళ్ళేమన్నారో మా ముగ్గురిలో ఒక్కరికీ తెలీదు.

ఇక్కడ మా అత్తయ్యగారి సంగతి చెప్పుకోవాలి. ఆవిడకి 78 ఏళ్ళు. వినికిడి తగ్గిందంటే ఒప్పుకోరు. "ఈ కాలం వాళ్ళు నోట్లో నోట్లో గొణుక్కుంటారే" అంటారు. వయసు మీద పడ్డవాళ్ళకి ముందుగా అందకుండా పోయేవి సన్నని శబ్దాలట. స, శ, ఫ లాంటి అక్షరాల పదును అంతా అక్కడే ఉంటుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలీదు. పోనీ టీవీ సౌండు పెంచుదామా అంటే, మాటతో పాటు బాంబులూ పెరుగుతాయి. "ఏమన్నాడే? ఏమన్నాడే?" అని అడిగీ అడిగీ, ఈమధ్య ఆవిడ అడగడం మానేశారు. సినిమా మొదలైన పావుగంటకల్లా లేచి గదిలోకి వెళ్ళి పడుకుంటున్నారు. నిద్ర వచ్చి కాదు. నాకు తెలుసు.

అందుకే ఈ స్పీకర్ల బేరంలో నేనూ తల దూర్చాను.

5.1 అంటే అయిదు స్పీకర్లూ, ఒక సబ్‌వూఫరూ. ముందు కుడి ఎడమల రెండు, పక్కలకు కొంచెం వెనగ్గా రెండు, టీవీ కిందనో పైనో మధ్యలో ఒకటి. ఈ మధ్యదానికి సోకు తక్కువ, చాకిరీ ఎక్కువ. (మన ఇళ్ళల్లో ఎవరో ఒకరు అలా ఉంటూనే ఉంటారు కదా!) సినిమాలో మాటలు చాలావరకు పలికేది అదే. దాన్నే చాలామంది టీవీ స్టాండు అరలో వెనక్కి తోసి, ముందు పువ్వుల కూజా పెడతారు. అర అంచుదాకా జరిపి, కూర్చున్నవాళ్ళ చెవుల వైపు కాస్త ఎత్తి పెట్టాలి. అయిదింటినీ నడిపే రిసీవర్‌లో దాని ఒక్కదాని శబ్దమే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకునే వీలుంది. బాంబులు పెరగవు, మాట పెరుగుతుంది!

మరి సబ్‌వూఫర్? సాధారణంగా 80 హెర్ట్జ్‌కి దిగువన ఉన్నదంతా దానికి అప్పజెబుతారు. మగవాళ్ళ గొంతు కూడా అంత లోతుకి దిగడం అరుదు. అంటే ఆ పెట్టె ఉరుముతుంది, మాట్లాడదు. అలాగని అక్కర్లేదనను. మృదంగానికి ఎడమ పక్కన తడిపిన రవ్వముద్ద అంటిస్తేగాని ఆ గంభీరం రాదు. అలాగని రవ్వంతా అక్కడే మెత్తుతామా?

మా హాలు పొడవు 14 అడుగులు. 20 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు 17 మీటర్లు, అంటే 56 అడుగుల చిల్లర. ఇలాంటి పొడవాటి తరంగాలు చిన్న గదిలో గోడలకు కొట్టుకుని ఒకచోట పోగుపడతాయి, ఇంకోచోట మాయమవుతాయి. సోఫాలో ఈ చివర గుండె అదురుతుంది, ఆ చివర చప్పుడే ఉండదు. మూల పెడితే మోత పెరుగుతుంది గాని, అది గుంయ్‌మనే మోత. సరైన చోటు వెతకడానికో ఉపాయముంది. సబ్‌వూఫర్‌ని మనం కూర్చునే చోట పెట్టి, మనం గోడల వెంట పాకుతూ వినాలి. ఎక్కడ శుభ్రంగా వినబడితే అక్కడ దాన్ని పెట్టాలి. మావారు మోకాళ్ళ మీద హాలంతా పాకారు. మా పనమ్మాయి గుమ్మంలో ఆగిపోయి, "అయ్యగారి ఉంగరం పోయిందామ్మా?" అంది.

ఆయన మనసు 12 అంగుళాల దాని మీదే. నేను 10 చాలన్నాను. కింద ఫ్లాట్‌లో పరీక్షలకు చదువుకునే పిల్లాడున్నాడు. కర్టెన్లు ఈ అదురుని ఆపలేవు, స్లాబులోంచి దిగిపోతుంది. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట రాత్రి పది దాటాక 45 డెసిబెల్సే పరిమితి. రూలు సంగతి అలా ఉంచండి, పొద్దున్నే లిఫ్టులో ఆ పిల్లాడి తల్లి మొహం చూడాల్సింది నేను కదా!

చివరికి మూసిన పెట్టె, 10 అంగుళాలది కొన్నాం. మిగిలిన డబ్బుతో మధ్య స్పీకరు ఓ మెట్టు మంచిది తీసుకున్నాం. నున్నటి టైల్స్ మీద మాట ప్రతిధ్వనిస్తోందని అటక మీదున్న జంపఖానా దింపి పరిచాను. దానికి కానీ ఖర్చు లేదు.

మొన్న ఆదివారం 1957 నాటి 'మాయాబజార్' పెట్టాం. ఆ రోజుల్లో అంతా ఒకే ట్రాకు. రిసీవర్ దాన్ని తీసుకెళ్ళి మధ్య స్పీకరుకే అప్పగించింది. అత్తయ్యగారు కాళ్ళు ముడుచుకుని సోఫాలో కూర్చున్నారు. పావుగంటైంది, గంటైంది, లేవలేదు. ఒక్కసారి కూడా "ఏమన్నాడే?" అనలేదు. పైగా శకుని మాటకి మాకంటే ముందే నవ్వారు.

మావారు మాత్రం రెండుసార్లు లేచి వెళ్ళి, సబ్‌వూఫర్ లైటు వెలుగుతోందో లేదో వంగి చూసి వచ్చారు.