బిస్కెట్ల ఫ్యాక్టరీ గేటు దగ్గర

పిల్లలూ, మీలో బిస్కెట్టు తినని వాళ్ళుండరు. కాని అది తయారయ్యే చోటును చూసినవాళ్ళు చాలా కొద్దిమంది. పోయిన శీతాకాలంలో నాకు ఆ అవకాశం కలిగింది. నేను ఉద్యోగం విరమించి కొన్నేళ్ళయింది. అయినా మా పేట బడివాళ్ళు పిల్లలను ఎక్కడికైనా తీసుకుపోయేటప్పుడు నన్ను కూడా పిలుస్తూ ఉంటారు. ఆ రోజు ఏడవ తరగతి పిల్లలు 24 మంది, వాళ్ళ టీచరమ్మ, ఒక ఆయమ్మ, నేను బస్సెక్కి హైదరాబాదు శివార్లలో ఉన్న ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీకి బయలుదేరాము.

ఫ్యాక్టరీ ఇంకా కొంత దూరం ఉండగానే వెన్నా, పంచదారా కలిసి కాలుతున్న కమ్మని వాసన బస్సులోకి వచ్చింది. పిల్లలు కిటికీల దగ్గరకు ఎగబడ్డారు. "సార్, బిస్కెట్లు ముందు పెడతారా, చూసిన తరువాత పెడతారా?" అని ఒకడు అడిగాడు. తీరా అక్కడికి చేరితే, గేటు దగ్గరే మాకు దాదాపు గంటసేపు పట్టింది!

గేటు పక్క గదిలో నా ఈడు కాపలాదారు ఒకాయన పెద్ద రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ పిలిచి, పేరు రాసుకుని, కొన్ని ప్రశ్నలు అడిగాడు. జ్వరం ఉన్నదా? వాంతులు గాని, విరేచనాలు గాని అయినాయా? చేతుల మీద పుండ్లు, గడ్డలు ఉన్నాయా? పిల్లలు హాజరు పలికినట్టు "లేదు, లేదు" అంటూ పాసు పుచ్చుకుని ముందుకు జరుగుతున్నారు. అంతలో ఒక కుర్రవాడు నీళ్ళు నమిలాడు.

"నిన్న రాత్రి నాలుగుసార్లు పోయినాను. ఇప్పుడు తగ్గిపోయింది," అన్నాడు మెల్లిగా.

వెనక ఉన్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. కాపలాదారు నవ్వలేదు. "తగ్గినాక కూడా 48 గంటలు ఆగాలె బాబూ. ఇక్కడి కాయిదా అది," అన్నాడు. కుర్రవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడికోసం నేను కొంత వాదించాను. "వాడు దేన్నీ ముట్టుకోడు, దూరంగా నిలబడి చూస్తాడు," అన్నాను. లాభం లేకపోయింది. ఆయమ్మ వాడికి తోడుగా గేటు గదిలో కూర్చున్నది.

నాకు అప్పుడు కోపం వచ్చిన మాట నిజమే. కాని మేరీ మాలన్ కథ గుర్తుకు వచ్చి ఊరుకున్నాను. ఆమె అమెరికాలో న్యూయార్కు ప్రాంతపు వంటమనిషి. 1906 వేసవిలో ఆమె వంట చేసిన ఇంట్లో 11 మంది ఉండగా 6 గురికి టైఫాయిడు వచ్చింది. జార్జి సోపర్ అనే ఇంజనీరు ఆరా తీయగా, అంతకు ముందు ఆమె పని చేసిన ఇళ్ళలో కూడా చాలాచోట్ల అదే జబ్బు వచ్చినట్టు తేలింది. ఆమెకు మాత్రం ఏ జబ్బూ ఉన్నట్టు తోచేది కాదు! పరీక్ష చేస్తే ఆమె శరీరంలో టైఫాయిడు క్రిములు కనబడ్డాయి. ఆమెను 1907లో విడిగా ఉంచి, ఇక వంట చెయ్యనని మాట ఇచ్చిన మీదట 1910లో వదిలిపెట్టారు. 1915లో ఒక ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడు వచ్చింది. చూస్తే అక్కడ మారు పేరుతో వంట చేస్తున్నది ఆమే. కనుక "నాకు బాగానే ఉన్నది" అనే మాటను ఆహారం తయారుచేసేవాళ్ళు అంత తేలికగా నమ్మరు.

ప్రశ్నలు అయినాక సోదా మొదలయింది. ఆడపిల్లలు గాజులూ, కమ్మలూ, జడలోని పూలూ, నొసటి మీది బొట్టుబిళ్ళలూ తీసి పేరు రాసిన సంచుల్లో వేశారు. చేతి గడియారాలూ, మొలతాళ్ళకు కట్టిన తాయెత్తులూ కూడా ఆ సంచుల్లోకే పోయినాయి. ఒకడి జేబులోనుంచి పల్లీపట్టీ బయటపడింది. దాన్ని చూసి కాపలాదారు అన్నిటికంటే ఎక్కువ కంగారుపడ్డాడు. వేరుసెనగ పడని వాళ్ళు లోకంలో కొందరున్నారు. రవ్వంత తగిలినా వాళ్ళకు ఊపిరి ఆడక ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఫ్యాక్టరీలో వేరుసెనగ వాడరు. వాళ్ళ పొట్లం మీద ఆ పేరు ఉండదు. ఇక పల్లీపట్టీ పొడి లోపల పడితే తినేవాడికి తెలిసేదెలా?

చివరకు నా వంతు వచ్చింది. నా వేలికి ముప్ఫై ఏళ్ళుగా ఒక రాళ్ళ ఉంగరం ఉన్నది. "పెద్దవాణ్ణి, హెడ్మాస్టరుగా చేసినవాణ్ణి, నాక్కూడానా?" అన్నాను. "రాయి ఊడిపడేటప్పుడు ఎవరి ఉంగరమని చూడదు సార్," అన్నాడాయన. పిల్లలంతా నన్నే చూస్తున్నారు. సబ్బు రాసి, అరచేయి ఎర్రబడేదాకా లాగి, ఉంగరం తీసి ఇచ్చాను.

ఇదంతా ఆయన చాదస్తం కాదు. మన దేశంలో 2006లో ఆహార భద్రత చట్టం వచ్చింది. దాని కింద 2011లో చేసిన నిబంధనలలో చూడవచ్చేవాళ్ళ మాట కూడా ఉన్నది. ఆహారం తయారయ్యే చోటికి వాళ్ళను సాధారణంగా రానివ్వకూడదు. రానిస్తే, అక్కడ పనిచేసేవాళ్ళలాగే వాళ్ళకూ తగిన దుస్తులు, చెప్పులు, శుభ్రత ఉండాలి.

ఆ తరువాత జుట్టంతా కప్పే టోపీలు, నడుముకు పైన జేబులు లేని తెల్లని అంగీలు ఇచ్చారు. వంగినప్పుడు పైజేబులోని వస్తువు జారి పడుతుంది, అందుకని ఆ జేబే తీసేశారు. ఒక అమ్మాయి వేలు కొద్దిగా కోసుకుపోయి ఉంటే నీలం రంగు పట్టీ వేశారు. తిండి వస్తువుల్లో నీలం రంగువి చాలా అరుదు గనుక, పట్టీ ఊడిపడితే కంటికి ఇట్టే కనిపిస్తుంది. కంటికి తప్పినా యంత్రానికి దొరికేటట్టు అందులో సన్నని లోహపు రేకు ఉంటుంది.

లోపలి యంత్రాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పిండి జల్లెడ పట్టడం, ముద్ద కలపడం, అచ్చు తియ్యడం, పొడవాటి సొరంగం వంటి పొయ్యిలోగుండా పట్టా మీద పోతూ బిస్కెట్లు నిమిషాల్లో కాలి అవతలికి రావడం, అన్నీ అద్దాల వసారాలో నిలబడి చూశాము. నాణ్యత చూసే అధికారిణి ఒకామె మాకు వివరించింది. వయసులో చిన్నది, మాట మెత్తన.

రెండవ పట్టా ఆగి ఉన్నది. బయటి కాంట్రాక్టరు తరఫున మేస్త్రీ ఒకడూ, పద్దెనిమిదేళ్ళ సహాయకుడూ వచ్చి దాని రోలరు మారుస్తున్నారు. వాళ్ళు కూడా మాలాగే గేటు ప్రశ్నలన్నీ దాటి వచ్చినవాళ్ళే. పైగా వాళ్ళు తెచ్చిన స్పానర్లూ, స్క్రూడ్రైవర్లూ ఎన్నో కాగితం మీద రాసి ఉన్నాయి. పోయేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. ఊడదీసిన పాత బోల్టులు కూడా అప్పజెప్పాలి. పని చేసే చోటు చుట్టూ తెర కట్టి, కింద పట్టా పరిచారు.

పని ముగిసింది. అధికారిణి పళ్ళెంలో బోల్టులు లెక్కపెట్టింది. 8 ఉన్నాయి. ఆమె సంతకం పెట్టబోతూండగా ఆ సహాయకుడు ఒక అడుగు ముందుకు వేశాడు.

"మేడమ్, ఒక బోల్టు తీస్తుంటే విరిగింది. తల మాత్రమే పళ్ళెంలో వేశాను. కింది ముక్క దొరకలేదు," అన్నాడు.

మేస్త్రీ వాడివంక మింగేసేటట్టు చూశాడు. వాళ్ళు మధ్యాహ్నం మరోచోట పనికి పోవాలిట. అధికారిణి మాత్రం "చెప్పావు, మంచిదయింది," అని కలం మూసేసింది. పట్టా కదలలేదు. దీపాలు తెచ్చారు, కర్రకు కట్టిన అయస్కాంతం తెచ్చారు. కూలీలు, మేస్త్రీ, సహాయకుడు అందరూ మోకాళ్ళ మీద కూర్చుని వెతికారు.

అప్పుడు మా అమ్మాయి ఒకతె మంచి ప్రశ్న వేసింది. "చివర లోహాన్ని పట్టే యంత్రం ఉన్నది కదా, అదే పట్టుకోదా?"

ఆ యంత్రంలో తీగచుట్టలుంటాయి. వాటి మధ్యగా లోహం పోతే అయస్కాంత క్షేత్రం చెదిరి గంట మోగుతుంది. ఇనుము తేలికగా దొరుకుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలు కష్టం. గాజుపెంకు, ప్లాస్టిక్ ముక్క అయితే దానికి అసలు తెలియవు. "అది చివరి కాపలా. దాన్ని నమ్ముకుని ముందున్న కాపలాలు వదిలిపెట్టం," అన్నది అధికారిణి.

నలభై నిమిషాల తరువాత బోల్టు ముక్క పట్టా కింద రాలిన పొడి తట్టలో దొరికింది. చిటికెన వేలి గోరంత ఉన్నది. సహాయకుణ్ణి ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో బడి కిటికీ అద్దం పగిలితే ముందు బెత్తం తీసి, తరువాత ప్రశ్న అడిగేవాణ్ణి. అద్దాలు ఎవరు పగలగొట్టారో నాకు ఒక్కసారి కూడా తెలియలేదు.

తిరిగి గేటుకు వచ్చేసరికి మా కుర్రవాడు కాపలాదారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఏడుపు పోయింది. మా దగ్గర పాసులు వసూలు చేసే పని ఆయన వాడికి అప్పగించాడు. లోపల నిప్పు అంటుకుంటే ఎవరు మిగిలారో చెప్పేవి ఆ పాసులేనట. వాడు ఒకసారి లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"25 ఇచ్చారు, 24 వచ్చాయి. బస్సు కదలకూడదు!" అన్నాడు గట్టిగా.

అందరూ జేబులు తడుముకున్నారు. టీచరమ్మ పిల్లలను వరసగా నిలబెట్టి తలలు లెక్కపెట్టింది, సరిగ్గానే ఉన్నాయి. నేను ఉంగరం తొడుక్కునే హడావిడిలో ఉన్నాను. వాడు నా ముందుకు వచ్చి చెయ్యి చాచాడు. చూసుకుంటే పాసు నా చొక్కా జేబులోనే ఉన్నది.