91, 100: రెండూ ఒకే ఆట

తొమ్మిదో తరగతిలో మా అమ్మాయికి బ్యాచ్ మారింది. పాత బ్యాచ్‌లో లెక్కల వీక్లీ టెస్టుకు 80 పైనే వచ్చేవి. కొత్త బ్యాచ్‌లో పేపరు కఠినం, 60 దాటడమే గగనం. పేపరు వేరని ఎంత చెప్పినా మా అత్తగారు ఒప్పుకోరు. "దీంతోపాటే బ్యాచ్ మారిన పిల్లకి 84 ఎలా వచ్చాయి? ఇదివరకు ఇద్దరికీ ఐదారు మార్కులే తేడా ఉండేది, ఇప్పుడు ఇరవై దాటింది. పేపరు ఇద్దరికీ ఒకటే కదా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు దొరికింది మాత్రం గోల్ఫ్‌లో.

మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు. ఆదివారం వస్తే గోల్ఫే. మొన్న రెండు స్కోర్‌కార్డులు పంపాడు. ఒక కోర్సులో 91 షాట్లు, ఇంకో కోర్సులో 100. గోల్ఫ్‌లో ఎంత తక్కువ కొడితే అంత గొప్ప. "మామయ్యా, 91 బాగుంది, 100 ఏంటి అలా?" అంది మా అమ్మాయి. "రెండూ ఒకే ఆటరా" అన్నాడు వాడు. నవ్వులాటకి కాదు, లెక్క వేసి చూపించాడు.

గోల్ఫ్‌లో ప్రతి ఆటగాడికీ హ్యాండిక్యాప్ అని ఒక అంకె ఉంటుంది. దాన్నిబట్టి బలహీనుడికి కొన్ని షాట్లు మినహాయిస్తారు. అందుకే తండ్రీకొడుకులు కూడా సమానంగా పోటీ పడగలుగుతారు. అయితే కోర్సులన్నీ ఒకలా ఉండవు. ఒకటి చదునుగా, వెడల్పుగా ఉంటుంది. ఇంకొకటి నిండా చెరువులు, ఇసుక గుంటలు, చెట్లు. మరి ఎక్కడ కొట్టిన స్కోరును ఎలా పోల్చాలి?

మొదటి సాధనం కోర్సు రేటింగ్. సున్నా హ్యాండిక్యాప్ ఉన్న మంచి ఆటగాడికి, మామూలు వాతావరణంలో, ఆ కోర్సులో ఎన్ని షాట్లు పడతాయన్న అంచనా అది. మా వాడు ఆడిన తేలిక కోర్సు రేటింగ్ 69, కఠినమైనది 73. అంటే మంచి ఆటగాడికి తేడా నాలుగే. మా వాడికి తొమ్మిది పెరిగాయి! అత్తగారి ప్రశ్న అచ్చంగా ఇదే.

అమెరికాలో చాలాకాలం ఈ ఒక్క అంకెతోనే సరిపెట్టుకున్నారు. కఠినమైన కోర్సు మంచివాణ్ణీ మామూలువాణ్ణీ ఒకేలా ఇబ్బంది పెట్టదని, ఆ తేడాకు విడిగా ఇంకో అంకె ఉండాలని 1970లలో లెక్క కట్టినవాడు డీన్ కనూత్ అనే నౌకాదళ అధికారి. ఆయన్ని 'పోప్ ఆఫ్ స్లోప్' అంటారు. స్లోప్ అంటే మన పిల్లలు గ్రాఫ్ పేపరు మీద గీసే సరళరేఖ వాలే. ఆటగాడి స్థాయి తగ్గేకొద్దీ స్కోరు ఎంత నిటారుగా పెరుగుతుందో అది చెబుతుంది. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణికం 113. వచ్చిన స్కోరులోంచి రేటింగ్ తీసేసి, మిగిలినదాన్ని 113తో గుణించి, స్లోప్‌తో భాగించాలి. తేలిక కోర్సు స్లోప్ 113 కాబట్టి అక్కడ మా వాడికి 22. కఠినమైన దాని స్లోప్ 138. అక్కడ 27ని 113తో గుణించి 138తో భాగిస్తే 22.1. నిజంగానే ఒకే ఆట!

ఈ అంకెలు ఎవరో ఆఫీసులో కూర్చుని వేసేవి కావు. రేటింగ్ బృందం కోర్సంతా నడిచి, ప్రతి హోల్‌నూ ఇద్దరి కళ్లతో చూస్తుంది. మగవాళ్లలో మంచి ఆటగాడు మొదటి షాట్‌కు 250 గజాలు, మామూలు ఆటగాడు 200 గజాలు కొడతారని లెక్క. ఆడవాళ్లకు లెక్క వేరు, రేటింగ్ కూడా వేరు. ఇప్పుడు సరిగ్గా 200 గజాల దగ్గర ఒక వాగు ఉందనుకోండి. మొదటివాడి బంతి దాని మీదుగా ఎగిరిపోతుంది, వాడికి అక్కడ వాగున్న సంగతే అక్కర్లేదు. రెండోవాడి బంతి అందులోనే పడుతుంది. న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్ బ్లాక్ అనే కోర్సులో మొదటి హోల్ దగ్గరే, ఇది బాగా నైపుణ్యం ఉన్నవాళ్లకే అని హెచ్చరిక బోర్డు ఉంటుంది. బోర్డు ముందు ఫొటో దిగి మరీ ఆడేవాళ్లూ ఉన్నారట, అది వేరే సంగతి.

నాకు ఇంకా నచ్చింది ఏమిటంటే, హ్యాండిక్యాప్ సగటు కాదు. చివరి 20 ఆటల్లో మెరుగైన 8 మాత్రమే తీసుకుని వాటికి సగటు కడతారు. జ్వరంతో ఆడిన రోజు, మనసు బాగాలేని రోజు అవే పక్కకు పోతాయి. ఒక హోల్‌లో బంతి పదేపదే నీళ్లలో పడి పన్నెండు షాట్లయినా, లెక్కకు ఒక హద్దు దాటనివ్వరు. 2020 నుంచి ప్రపంచమంతటా ఒకే పద్ధతి వచ్చాక, ఆ రోజు గాలీవానా అందరి స్కోర్లనూ చెడగొడితే దానికీ సవరణ ఉంది.

జేఈఈ మెయిన్‌లో కూడా సెషన్లవారీగా పర్సెంటైల్ ఇస్తున్నారు కదా అనవచ్చు. అది వేరు. పర్సెంటైల్ మనతోపాటు ఆ పూట రాసినవాళ్లలో మనం ఎక్కడున్నామో చెబుతుంది. గోల్ఫ్ వాళ్లు ఆటకు ముందే పేపరును కొలిచి పెట్టుకుంటారు. వీక్లీ టెస్టులో మనకు ఈ రెండూ లేవు. మార్కులు, ర్యాంకు, ఎర్ర రంగులో ఒక బాణం. అంతే.

అందుకే పోయిన పేరెంట్-టీచర్ మీటింగ్‌లో లెక్కల సార్‌ని ఒకటే అడిగాను. ప్రతి పేపరుకూ రెండు అంకెలు ఇవ్వండి, బ్యాచ్‌లో మొదటి పదిమంది సగటు ఒకటి, మధ్యలో ఉన్న పదిమంది సగటు ఒకటి. ఆ రెండింటి మధ్య దూరం చూస్తే ఏ పేపరు ఎవరిని ఎంత ఇబ్బంది పెట్టిందో ఇంట్లోనే తెలుస్తుంది. సార్ కాసేపు ఆలోచించి, పాత నాలుగు పేపర్లకు వేసి చూస్తానన్నారు. మూడో పేపరులో వాలు బాగా నిటారుగా ఉంటుందని ఆయన అనుమానం.