రైలు రాని ఊరు, రైలాట గొడవలు

మా చిలమత్తూరుకి రైలు లేదు, ఎక్కాలంటే హిందూపురం పోవాల్సిందే. బాలయ్య, చిరంజీవి అభిమానుల రగడ చూసి పెరిగినోడికి ట్రైన్ సిమ్యులేటర్ అభిమానుల కొట్లాట కొత్తేం కాదు లెండి.

2001లో మైక్రోసాఫ్ట్ ట్రైన్ సిమ్యులేటర్, ఆస్ట్రేలియా వాళ్ళ ట్రెయిన్జ్ రెండూ వచ్చాయి. అసలు గొడవ ఫార్మాట్‌ది. ఒకదానికి కట్టిన రూటు ఇంకోదాంట్లో నేరుగా నడవదు. నెలల కష్టం అందులోనే ఇరుక్కుపోతే వీరాభిమానం కాక ఇంకేం మిగులుతుంది?

2009లో మైక్రోసాఫ్ట్ రెండో ఆటని మధ్యలోనే ఆపేసింది. ఆ పాత రూట్లు నడిచేలా ఓపెన్ రైల్స్‌ని అభిమానులే రాసుకున్నారు, అదీ ఉచితంగా. కంపెనీకి జై కొట్టేవాళ్ళ కంటే, కంపెనీ వదిలేశాక కోడు రాసినవాళ్ళే నా దృష్టిలో అసలు అభిమానులు. మీరేమంటారు?