బదాం సాత్

పేకముక్కల మాట యెత్తగానే మన యిండ్లలో పెద్దలు నొసలు ముడుతురు. వారి కోపము నిష్కారణమైనది కాదు. సభాపర్వము విన్నవారికి శకుని పాచికలును, నలోపాఖ్యానము విన్నవారికి పుష్కరుని జూదమును గుర్తుకు రాకమానవు. ఆ రెండు కథలలోను ఇల్లాలు కూడ అడవుల పాలైనది గదా! అయినను కీడునకు మూలము పందెమేగాని ఆట కాదు. పందెము లేని యాట నొకదానిని మీకు చెప్పనెంచితిని.

మా జహీరాబాదు 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలోనిది. పటములో గీతలు మారినను మా వీథిలో భాషలు మారలేదు. ఒక యింట తెలుగు, ప్రక్కయింట ఉర్దూ, ఎదురింట కన్నడము. నలుగురు స్త్రీలు చేరినచో మాటలు కొంతదూరము నడచి ఆగిపోవును. అట్టి కూటములకు బదాం సాత్ మిక్కిలి తగినది. మన ఆటీను గుర్తునే మరాఠీవారు బదాం అందురు. దాని యేడుతో ఆట మొదలగును గనుక ఆ పేరు.

జోకర్లను తీసివేసి 52 ముక్కలను అందఱికిని పంచవలయును. నలుగురైనచో తలకు 13. ఐదుగురైనచో ఇద్దఱికి 11, ముగ్గురికి 10 వచ్చును. ఆ హెచ్చుతగ్గులను పట్టించుకొన బనిలేదు. ఆటీను ఏడు గలవారు దానిని నడుమ పెట్టుదురు. తరువాతివారు దానికి ఒక ప్రక్క ఆఱునో, వేఱొక ప్రక్క ఎనిమిదినో చేర్చవలయును; లేదా ఇస్పేటు, కళావరు, డైమనులలో ఒకదాని యేడును పెట్టి క్రొత్త వరుస తెఱవవలయును. ప్రతి వరుసయు క్రిందికి ఆసు దాక, పైకి రాజు దాక సాగును. వేయదగిన ముక్క లేనివారు “లేదు” అని యూరకుందురు. చేతిముక్కలు ముందుగా అయిపోయినవారిది గెలుపు. అంతే! పొయ్యిమీద పప్పు ఉడుకునంతలో ఒక ఆట ముగియును. చదువు రానివారును ముక్కమీది గుర్తులు లెక్కించుకొని ఆడగలరు. రాజు, రాణి, జాకీ బొమ్మలను చూపినచో చాలును.

ఇక నేర్పు. ఆసో రాజో మీ చేత నున్నచో ఆ గుర్తును ముందుగా నడపుడు; అవి వరుస చివరనేగాని పోవు. ఇతరులకు వలసిన ఆఱో ఎనిమిదో మీయొద్ద నుండి, వేయుటకు వేఱు ముక్క కూడ నున్నచో, ఆ ఆఱును అట్టిపెట్టుడు. ఎదుటివారి ముఖములు చూడవలసినదే! అయితే వేయదగినది అదియొక్కటే యైనప్పుడు దాచి “లేదు” అనరాదు. కొందఱు దీనిని కూడ నేర్పే యందురు. నాకది సమ్మతము కాదు. మన చేయి యెవరికిని కనబడదు, నిజమే. కాని చివరకు ముక్కలన్నియు చాపమీదికి వచ్చును. ఎవరు ఎప్పుడు అబద్ధమాడిరో పిల్లలే పట్టి చెప్పుదురు.

కన్నడము మాటలాడు మా యెదురింటికి ఉద్గీరు వైపునుండి మరాఠీ కోడలు వచ్చినది. మూడు నెలలు ఏమడిగినను చిరునవ్వే బదులు. పొగరేమోయని అత్తగారు నాతో గుసగుసలాడిరి. శ్రావణమాసపు పేరంటము ముగిసిన పిమ్మట మేము ముక్కలు పంచగా, ఆ పిల్ల ఆటీను ఏడును చాపమీద చఱచి “బదాం సాత్!” అనినది. ఆమె గొంతు మే మప్పుడే వింటిమి. మూడవ ఆటకు అత్తగారిమీదనే మరాఠీలో విసుగుకొనుచుండెను. ఆ మాటలు అత్తగారికి తెలియలేదు. కళావరు ఆఱు పట్టియుంచినందుకని మాత్రము తెలిసి, కన్నులనీరు వచ్చునట్లు నవ్వినారు.

పందెము మాత్రము గవ్వయైనను వలదు. రమ్మీ ప్రధానముగా నేర్పుతో ఆడు ఆటయని సర్వోన్నత న్యాయస్థానము 1967లో చెప్పినది. నేర్పుటాటలే గదాయని తరువాతికాలమున ఫోనులలో డబ్బొడ్డించు వ్యాపారము పెరిగినది. తెలంగాణము 2017లోను, కేంద్రము 2025లోను చట్టములు చేసి దానిని నిషేధింపవలసి వచ్చినది. మా చాపమీద ఓడినవారు తరువాతి ఆటకు ముక్కలు కలిపి పంచుదురు, అదియే దండుగ.

ఏడుగురికి మించి చేరినచో రెండు చాపలు పఱచి, మఱియొక పేక తెప్పించుడు. చేతికి ఐదాఱు ముక్కలే వచ్చినచో ఆట చప్పబడును.