హిజ్రీ 1329 నాటి రూపాయి

పాత నాణేలు సేకరించేవారికి ఖాళీ గడి పెట్టే బాధ తెలుసు. ఒకే పాలకుని నాణేలను సంవత్సరాల వారీగా పేర్చుకుంటూ పోతే వాటిలో అధికభాగం సులభంగానే సమకూరుతాయి. ఏదో ఒక్క సంవత్సరపు నాణెం మాత్రం ఏళ్ల తరబడి దొరకదు. వరుస పూర్తికావటం దానిమీదే ఆధారపడి ఉంటుంది గనుక సేకర్తలు దానిని ‘కీ డేట్’ నాణెం అంటారు. అటువంటిది చేతికందే వేళ మనిషి ఈమాన్‌కు పరీక్ష ఎదురవుతుందన్నది మా అనుభవం.

మా ఇంట ఉన్నది హైదరాబాదు సంస్థానపు చార్‌మినార్ రూపాయల వరుస. దాదా మిగిల్చి వెళ్లిన కొన్ని ఉస్మానియా రూపాయలతో అది మొదలైంది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానంగా చెలామణి అయిన కాలపు నాణేలవి. ఒక్కొక్కటి సుమారు 11.18 గ్రాములు తూగుతుంది. అందులో వెండి 81.8 శాతం. ఒక వైపున చార్‌మినార్, దాని చుట్టూ నిజాముల్‌ముల్క్ ఆసఫ్‌జా బహదూర్ అన్న బిరుదు, హిజ్రీ సంవత్సరం ఉంటాయి. వాటితోపాటు 92 అనే అంకె కూడా కనిపిస్తుంది. అబ్జద్ లెక్కలో మీమ్‌కు 40, హాకు 8, మళ్లీ మీమ్‌కు 40, దాల్‌కు 4. మొత్తం 92. అది మన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (స) నామధేయపు విలువ. మా పిల్లలు అబ్జద్ లెక్క నేర్చుకున్నది ఈ రూపాయి మీదే.

చార్‌మినార్ నడిమి ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాణేలపై అది ‘మీమ్’. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలపై ‘ఐన్’. మహబూబ్ అలీ ఖాన్ మరణించింది 1911 ఆగస్టు 29న. అది హిజ్రీ 1329 రమజాను మాసారంభం. అంటే ఆ హిజ్రీ సంవత్సరంలో మొదటి ఎనిమిది నెలలు తండ్రివి, నాలుగు నెలలకు కొంచెం తక్కువ కాలం కుమారునిది. ఆ కొద్దికాలపు ఐన్ నాణెమే మా వరుసలో లోపించినది. తొలి నాణేలపై ఆ ఐన్ అసంపూర్ణంగా ముద్రితమైంది. పూర్తి అక్షరం తరువాతి నాణేలపై వచ్చింది. కాబట్టి దీనిని వెతికేవారు సంవత్సరంతో పాటు ద్వారంలోని అక్షరాన్ని, ఆ అక్షరపు ఆకారాన్ని కూడా చదవవలసి ఉంటుంది.

ఈ వెతుకులాటలో మేము పలుమార్లు హైదరాబాదు జుమేరాత్ బజారుకు వెళ్లాము. ఒక గురువారం అక్కడ ఒక వృద్ధుడు పాత గుడ్డ పరచి, ఇత్తడి గిన్నెలు, గడియారపు విడిభాగాలు, పదిహేను ఇరవై వెండి రూపాయలు పెట్టుకుని కూర్చున్నారు. అవి తమ ఇంటివేనని, ఇంటావిడ కంటి ఆపరేషను కోసం అమ్ముతున్నామని చెప్పారు. ధర అడిగితే వెండి తూకం ప్రకారం అన్నిటికీ ఒకే ధర అన్నారు.

వాటిలో ఒకటి 1329 నాటిది. ద్వారంలో ఉన్నది ఐన్.

మేము ఆనందాన్ని అణచుకుని పరీక్ష చేశాము. పాత నాణేలకు నకళ్లు ఉంటాయి, సంవత్సరపు అంకెను చెక్కి మార్చినవీ ఉంటాయి. అందుకని మా వెంట చిన్న త్రాసు, భూతద్దం, అయస్కాంతం ఎప్పుడూ ఉంటాయి. తూకం సరిపోయింది. అయస్కాంతానికి అంటుకోలేదు. భూతద్దంలో అంకెల అంచులు తక్కిన అక్షరాల అంచులలాగే సమానంగా అరిగి ఉన్నాయి. అర్ధాకారపు ఐన్ స్పష్టంగా కనిపించింది. నాణెం అసలైనదేనన్న నమ్మకం కుదిరింది. దాని విలువ తూకపు వెండికి ఎన్నో రెట్లని మాకు తెలుసు, ఆయనకు తెలియదు.

సేకర్తల మధ్య ఇటువంటి కొనుగోలును అదృష్టమని చెప్పుకోవటం పరిపాటి. ఎంత తక్కువకు దొరికితే అంత ఘనత. అమ్మేవాడే ధర చెప్పాడు, మనం మోసం చేయలేదు, అబద్ధమాడలేదు అన్న సమాధానం కూడా సిద్ధంగా ఉంటుంది. అయితే ధర్మం మన నుండి కోరేది అంతవరకే కాదు. దైవప్రవక్త (స) కాలంలో సరకుతో వచ్చే బిడారులను కొందరు పట్టణం వెలుపలే ఎదుర్కొని, అక్కడి ధర వారికి తెలియక ముందే కొనేవారు. ఆయన (స) దానిని నిషేధించారు. అలా అమ్మినవాడు అంగడికి చేరి అసలు ధర తెలుసుకున్నప్పుడు ఆ బేరాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా ఇచ్చారు. గుడ్డ మీద కూర్చున్న ఆ పెద్దాయన బజారు నడుమనే ఉన్నా, నాణేల ధర విషయంలో ఊరి వెలుపలి బిడారువంటివారే.

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) వృత్తాంతం కూడా అప్పుడు మా మనస్సులో మెదిలింది. ప్రతి ముస్లిం మేలు కోరుతానని దైవప్రవక్త (స) చేతిమీద బైఅత్ చేసిన సహాబీ ఆయన. ఆయన సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హాములకు బేరం చేసి తెస్తే, నీ గుర్రం విలువ అంతకంటే ఎక్కువని యజమానికి చెబుతూ తానే ధర పెంచుకుంటూ పోయి, చివరకు 800 దిర్హాములు చెల్లించారని ఉల్లేఖించబడింది. కొనేవాడే ధర పెంచటం లోకానికి వింతగా తోచవచ్చు. ఆయన దృష్టిలో అది చేసిన ప్రమాణాన్ని నిలుపుకోవటమే.

“చాచా, ఈ ఒక్కదాన్ని తూకానికి ఇవ్వకండి” అని మేము ఆ పెద్దాయనకు చెప్పాము. భూతద్దం ఆయన చేతికిచ్చి ద్వారంలోని అక్షరాన్ని చూపించాము. కొనదలచినవారే ధర కట్టటం ఉచితం కాదు గనుక, మాతో సంబంధం లేని ఇద్దరు నాణేల వ్యాపారులకు చూపించమన్నాము. వారిలో ఎక్కువ ధర చెప్పినవారి మాట ప్రకారం కొనటానికి మేము సిద్ధమేనని, వారికే అమ్మినా మాకు సంతోషమేనని చెప్పాము. ఆ చివరి మాట చెప్పటం తేలిక కాలేదు. ఎన్నో ఏళ్లు వెతికినది కళ్లముందు నుండే వెళ్లిపోవచ్చు.

ఆయన ఇద్దరికీ చూపించి సాయంత్రానికి తిరిగివచ్చారు. ఎక్కువ ధర చెప్పిన వ్యాపారి మాట మా వద్ద ఉన్న సొమ్ముకు రెట్టింపు పైనే ఉంది. “ఉన్నది ఇచ్చి తీసుకువెళ్లండి బేటా, మిగిలినది తరువాత ఇద్దురుగాని” అన్నారు ఆయన. ఆ మాట విన్నప్పుడు చేయి నాణెం వైపు సాగింది. అయితే వెండిని సొమ్ముతో కొనేటప్పుడు ఇచ్చిపుచ్చుకోవటం ఒకే కూర్చోటులో ముగియాలని పలువురు ఉలమాల అభిప్రాయం. నేటి కాగితపు నోట్ల విషయంలో కొందరు ఉలమా వెసులుబాటు చూపారు. అభిప్రాయభేదం ఉన్న చోట మేము జాగ్రత్త వైపే మొగ్గాము. పైగా ఆపరేషనుకు ఆయనకు కావలసినది మొత్తం సొమ్ము, మా బాకీ కాదు. రెండు వారాల తరువాత వస్తామని, ఈలోగా ఆయన ఎవరికి అమ్ముకున్నా మాకు అభ్యంతరం లేదని చెప్పి నాణేన్ని ఆయన చేతిలోనే ఉంచి వచ్చాము.

కొత్త బీరువా కోసం దాచిన సొమ్మును ఇందుకు మళ్లించాలని ఇంట్లో అందరమూ కలిసి నిర్ణయించుకున్నాము. మూడవ గురువారం వెళ్లేసరికి ఆయన రుమాలు ముడివిప్పి నాణెం చూపించారు. ఈలోగా మరొకరు అంతకంటే కొంత ఎక్కువ ఇస్తామన్నారని పక్కన కూర్చునే దుకాణదారు చెప్పగా తెలిసింది. ఆ తేడా కూడా ఇస్తామన్నాము. ఆయన ఒప్పుకోలేదు. “మీరు అక్షరం చదివి వినిపించకపోతే ఇది గిన్నెల ధరకు పోయేది. మాట అయిపోయింది” అన్నారు. సొమ్ము లెక్కపెట్టి ఇచ్చి, నాణెం అందుకున్నాము. ఇరువైపులా బాకీ లేని బేరం ఎంత తేలికగా ఉంటుందో ఆ నిమిషాన తెలిసింది.

సేకరణకని దాచుకున్నా వెండి వెండే. జకాత్ లెక్క వేసే రోజున ఈ రూపాయలను కూడా తూచి, ఇంట్లోని తక్కిన వెండితోను, సొమ్ముతోను కలిపి చూస్తాము. మన దేశపు ఉలమా లెక్క ప్రకారం వెండి నిసాబ్ 52.5 తులాలు, అంటే సుమారు 612 గ్రాములు. అమ్మకానికి ఉంచుకున్న నాణేలైతే వాటి అంగడి ధర ప్రకారం లెక్క ఉంటుంది. సందేహం ఉన్నవారు తమకు తెలిసిన ఆలింను అడిగి చేయటం మేలు.

మీ ఇళ్లలోనూ దాదీ, నానీల పెట్టెలలో హాలీ సిక్కాలు ఉండవచ్చు. అవసరం వచ్చి అమ్మవలసివస్తే తూకానికి వేసే ముందు వాటి సంవత్సరాన్ని, ద్వారంలోని అక్షరాన్ని చదివించుకోండి. వాటిని చదవగలిగినవారు మీరే అయితే, ఎదుటివారి నాణెం మీద ఉన్నది కూడా వారికి చదివి వినిపించండి. బర్కత్ అల్లాహ్ చేతిలో ఉంది.