మగ్గమును జకార్డును: వారసత్వ విచారము

సూరతు నగరమున మరమగ్గములపై జీవించు తెలంగాణ పద్మశాలి కుటుంబము లనేకము కలవు. అచటి మగ్గముల లెక్కలను ఆబ్జెక్టు ఓరియెంటెడు పద్ధతిలో ప్రోగ్రాముగా వ్రాయబూనువానికి మొదట తోచునది వారసత్వము. అనగా, మగ్గమను తల్లివర్గమున సామాన్యధర్మముల నుంచి, డాబీ మగ్గము, జకార్డు మగ్గము అను పిల్లవర్గములకు వానిని సంక్రమింపజేయుట.

ఈ పద్ధతిని 1967లో నార్వే పండితులు డాల్, నైగార్డు సిమ్యులా భాషలో నెలకొల్పిరి. వ్యాకరణాభ్యాసము గలవారికిది చిరపరిచితమే. పూర్వసూత్రపదము పరసూత్రమున కనువర్తించుట, ఉత్సర్గమును అపవాదము బాధించుట పాణినీయమున నున్నవే గదా! తల్లివర్గమున్న ప్రతిచోటను పిల్లవర్గము నిలువగలుగవలెనని 1987లో బార్బరా లిస్కోవ్ చెప్పిన నియమము స్థానివద్భావమును తలపించును.

అయినను జకార్డు మగ్గము నిజముగా మగ్గమునకు బిడ్డయేనా? జకార్డు మగ్గముపై నెక్కించు వేఱొక యంత్రము; పడుగుపోగుల నెత్తుట దాని పని. పేకను నాడె వేయవచ్చును, రేపియరు వేయవచ్చును, వాటర్‌జెట్టు వేయవచ్చును. ఈ మూడింటిని డాబీ, జకార్డులతో జతపఱచి వారసత్వముననే వ్రాసినచో వర్గములు 6 అగును. పోగులనెత్తు పరికరము మఱియొకటి చేరినచో 9. కావున జకార్డును మగ్గమునకు అంగముగా నమర్చుటయే సమంజసము.

ఇది పండితవినోదము మాత్రము కాదు. అచట మీటరుకింత యని కూలి కట్టుట వాడుక. ఆ లెక్కను తల్లివర్గమున నిలిపి, జకార్డు నేతకు కుదిరిన హెచ్చురేటును వ్రాయ మఱచినచో, పిల్లవర్గము తల్లి లెక్కనే గ్రహించును. దోషసూచన యేమియు నుండదు. తగ్గునది నేతగాని కూలి.